నిలువుగా లేచే విమానం వస్తుంటే రన్‌వే ఎందుకు సారూ?

కిందటి వేసవిలో ఖమ్మం రోడ్డు మీద మామునూరు దాటాక చాయ్ తాగుదామని ఆగాను. పక్క బెంచీ మీద ఓ పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మాటల్లో నేను ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తానని తెలిసి, మనవడి చేతిలో ఫోన్ తీసుకుని నా ముందు పెట్టాడు. తెల్లటి చిన్న విమానం, ఆరు ప్రొపెల్లర్లు. ఉన్నచోటు నుంచే పైకి లేచి, ప్రొపెల్లర్లు ముందుకి వంచుకుని అలా వెళ్లిపోతోంది.

"ఇది రన్‌వే లేకుంటనే లేస్తదట గదా సారూ. గిసొంటియి వస్తున్నప్పుడు మల్ల మా భూములెందుకు తీసుకునుడు?"

ఆయనది రెండెకరాల చిల్లర. మామునూరు విమానాశ్రయానికి కొత్తగా కావలసిన 253 ఎకరాల్లో అదీ ఉంది. నిజాం కాలంలో కట్టి, 1981లో మూతపడ్డ ఆ రన్‌వే మళ్లీ తెరుచుకోబోతోందని వరంగల్ అంతా సంబరపడుతుంటే, ఆయన మనవడి ఫోన్‌లో ఈ వీడియో మళ్లీ మళ్లీ చూస్తున్నాడు.

నిజానికి ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది నాలాంటివాళ్లే. మూడేళ్లుగా మా పిల్లలతో కలిసి సరిగ్గా ఈ రకం యంత్రం మీదే పని చేస్తున్నాను. మాది మనుషులు ఎక్కేది కాదు, కిలో బరువు మోసేది. అయినా సూత్రం ఒకటే. కానీ ఆరోజు "అవి రావడానికి ఇంకా టైం పడుతుంది పెద్దయ్యా" అని సగం మాట చెప్పి లేచి వచ్చేశాను. ఇంటికి వచ్చాక మనసు ఒప్పలేదు. టైం పడుతుంది అంటే, ఆ టైం గడిచాక రన్‌వే అక్కర్లేదనేగా అర్థం? నేను నమ్మేది అది కాదు.

నేను నమ్మేది ఇది. నిలువుగా లేచే విమానం రన్‌వేకి బదులు కాదు. రోడ్డుకీ, రైలుకీ కూడా కాదు. దాన్ని ఆ వేషంలో చూపించడం వల్ల మామునూరు రైతుకి ఒక తప్పుడు ఆశ, ఏటూరునాగారం అడవిలో ఉన్నవాళ్లకి అందాల్సిన ఒక నిజమైన సాయం ఆలస్యం కావడం, రెండూ జరుగుతున్నాయి.

ముప్పై ఏడు ఆంపియర్లు

మా రెండో యంత్రం బరువు ఏడు కిలోలు. రెండున్నర మీటర్ల రెక్క, పైకి చూసే నాలుగు ప్రొపెల్లర్లు, వెనక నుంచి నెట్టే ఒక ప్రొపెల్లర్. దీన్ని క్వాడ్‌ప్లేన్ అంటారు. హసన్‌పర్తి అవతల ఓ చెరువు శిఖంలో, నీళ్లు ఇంకిపోయిన నేల మీద ఎగరేశాం. ఒకమ్మాయి గొడుగు నీడలో లాప్‌టాప్ పెట్టుకుని బ్యాటరీ నుంచి ఎంత కరెంటు పోతోందో పైకి చదువుతోంది.

లేచి ముప్పై మీటర్ల ఎత్తున నిలబడ్డప్పుడు ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది. వెనక ప్రొపెల్లర్ తిరగడం మొదలైంది. తేనెటీగల రొదలా ఉన్న చప్పుడులోకి ఇంకో సన్నటి కూత వచ్చి చేరింది. యంత్రం ముందుకి జరిగింది. ముప్పై, ఇరవై ఆరు, పంతొమ్మిది. పైనున్న నాలుగూ ఒక్కసారిగా ఆగిపోయాయి. రొద పోయి కూత ఒక్కటే మిగిలింది. "పదమూడు సార్" అంది ఆ అమ్మాయి. ఆ తర్వాత పదమూడు దగ్గరే నిలిచిపోయింది.

ఈ రంగంలో నాకు తెలిసిందంతా ఆ ముప్పై ఏడుకీ పదమూడుకీ మధ్యనే ఉంది. ఊరి బావిలో ఈత నేర్చుకున్నవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఈదుకుంటూ పోవడం తేలిక. ఉన్నచోటే నిలబడి తల పైకి పెట్టుకుని తేలాలంటే కాళ్లూ చేతులూ ఆగకుండా ఆడిస్తూనే ఉండాలి, రెండు నిమిషాలకే ఆయాసం వస్తుంది. రెక్క ఉన్న విమానం ఎదురొచ్చే గాలిని వాడుకుంటుంది. గాలిలో నిలబడే యంత్రం తనను మోసే గాలిని తానే, ప్రతి క్షణం, కిందికి తోసుకోవాలి.

ఆ తోయడంలో కూడా ఒక లెక్క ఉంది. ఎక్కువ గాలిని నెమ్మదిగా తోస్తే శక్తి తక్కువ పడుతుంది, కొంచెం గాలిని జోరుగా తోస్తే ఎక్కువ పడుతుంది. హెలికాప్టర్ రెక్కలు అంత పొడుగ్గా ఉండేది అందుకే. జర్మనీలో లిలియం అనే కంపెనీ దీనికి ఎదురుదారి పట్టింది. రెక్కల్లో 36 చిన్న ఫ్యాన్లు బిగించిన నమూనా ఎగరేసింది. చూడటానికి ఎంతో ముచ్చటగా ఉండేది. ముందుకి పోయేటప్పుడు బాగానే ఉంటుంది కానీ, లేచేటప్పుడూ దిగేటప్పుడూ అంత చిన్న ఫ్యాన్లు తాగే కరెంటు చాలా ఎక్కువ. 2024 అక్టోబరులో ఆ కంపెనీ దివాలా తీసింది. అదే ఏడాది డిసెంబరులో అదే దేశానికి చెందిన వోలోకాప్టర్ కూడా. రెండూ చేతిలో డబ్బు అయిపోయి పడిపోయినవే, ఫ్యాన్ల సైజు వల్లే పడిపోయాయని నేను అనను. కానీ మోయాల్సిన బరువు పెరిగేకొద్దీ ఈ లెక్క ఎంత నిర్దయగా ఉంటుందో పెట్టుబడి పెట్టినవాళ్లలో ఎందరికి ఎవరైనా విడమర్చి చెప్పారా అని నా అనుమానం.

ఇంకోటి. ఈ యంత్రానికి లేచేటప్పటిలాగే దిగేటప్పుడూ బాగా ఎక్కువ కరెంటు కావాలి, అంటే బ్యాటరీలో అన్నిటికన్నా తక్కువ మిగిలినప్పుడు. మామూలు విమానం ఇంధనం కాల్చుకుంటూ పోయి తేలికై దిగుతుంది. బ్యాటరీ మాత్రం ఖాళీ అయినా బరువు తగ్గదు. కిలో విమాన ఇంధనంలో దాదాపు 12,000 వాట్-అవర్ల శక్తి ఉంటే, మంచి బ్యాటరీ సెల్‌లో కిలోకి 250 నుంచి 300. మోటార్ ఇంజిన్ కన్నా పొదుపరి కాబట్టి ఆ తేడా కొంత తగ్గుతుంది, పూడదు.

హారియర్ కూడా పరిగెత్తే లేచేది

"ఇవన్నీ బ్యాటరీల కష్టాలు సార్, ఇంజిన్ పెడితే పోతాయి కదా" అని క్లాసులో ఒకబ్బాయి అడిగాడు. అడగాల్సిన మాటే. ఇంజిన్లతో ఈ ప్రయత్నం 1950ల నుంచి జరుగుతూనే ఉంది. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, సోవియట్ యూనియన్ అన్నీ పదుల సంఖ్యలో నమూనాలు కట్టాయి. వాటిలో సైన్యంలో నిలబడి పని చేసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

జర్మనీలో డోర్నియర్ కంపెనీ కట్టిన డీఓ-31 నాకు ఎప్పుడూ గుర్తొచ్చే ఉదాహరణ. 1967లో మొదటిసారి ఎగిరిన సరుకుల విమానం అది. కేవలం పైకి లేవడానికీ, దిగడానికీ రెక్కల చివర డబ్బాల్లో ఎనిమిది జెట్ ఇంజిన్లు పెట్టారు. ఎగిరింది, బాగానే ఎగిరింది. కానీ గాలిలోకి లేచాక ఆ ఎనిమిదీ ఉత్త బరువే. సరుకు పెట్టాల్సిన చోట ఇంజిన్లు ప్రయాణం చేశాయి. 1970లో ఆ పని ఆపేశారు. మా క్వాడ్‌ప్లేన్‌లో మొదటి నిమిషం తర్వాత ఆగిపోయి ఊరికే వేలాడే నాలుగు మోటార్లని చూసినప్పుడల్లా నాకు ఆ ఎనిమిది ఇంజిన్లే గుర్తొస్తాయి.

నిలబడ్డది బ్రిటన్ కట్టిన హారియర్ యుద్ధవిమానం. ఒకే ఇంజిన్, గాలిని బయటికి చిమ్మే నాలుగు నాజిల్స్, వాటిని కిందికి తిప్పితే పైకి లేస్తుంది, వెనక్కి తిప్పితే ముందుకి పోతుంది. మన నౌకాదళం 1983 నుంచి 2016 వరకు సీ హారియర్లని నడిపింది. ఇంత గొప్ప యంత్రం కూడా ఆయుధాలూ నిండు ఇంధనమూ వేసుకున్నప్పుడు నిలువుగా లేచేది కాదు. ఐఎన్‌ఎస్ విరాట్ అనే విమానవాహక నౌక డెక్ మీద పరిగెత్తి, చివర పైకి వంచిన ర్యాంప్ మీదుగా ఎగిరేది. ఇంధనం కాలిపోయి తేలికయ్యాక మాత్రమే నిలువుగా దిగేది. వేడిలో ఇంజిన్‌కి అదనపు బలం కావాలంటే లోపలికి నీళ్లు చిమ్మేవాళ్లు. విమానంలో పట్టే రెండువందల చిల్లర లీటర్ల నీళ్లు సుమారు 90 సెకన్లకి సరి. ఆ లోపల దిగిపోవాలి.

వేడి మాట వచ్చింది కాబట్టి మన ఊరి సంగతి కూడా చెప్పాలి. మే నెలలో వరంగల్‌లో 45 డిగ్రీలు ఉన్నప్పుడు గాలి, 15 డిగ్రీల గాలితో పోలిస్తే దాదాపు పదో వంతు పలచన. గాలినే తోసి నిలబడే యంత్రానికి అది నేరుగా దెబ్బ. చలిదేశంలో తీసిన వీడియో చూసి ఇక్కడ అంచనా వేయకూడదు.

ఎదుటి వాదన కూడా గట్టిదే. 2021లో అమెరికాలో జాబీ కంపెనీ విమానం ఒక్క చార్జింగ్‌తో 240 కిలోమీటర్లకి పైగా ఎగిరింది. వరంగల్ నుంచి హైదరాబాద్ నూటనలభై చిల్లరే. బ్యాటరీలు ఏటా కొంత మెరుగవుతున్నాయి. ఇరవై ఏళ్లలో నలుగురు కూర్చునే ఎయిర్ ట్యాక్సీ హన్మకొండలో దిగదని నేను పందెం కాయను. దిగొచ్చు. కానీ ఆ జాబీ పరీక్షలో లోపల మనుషులెవరూ లేరు. ఎయిర్ ట్యాక్సీ వచ్చినా అది నలుగురి కోసం. నూట ఎనభై మందితో దిగే ఎయిర్‌బస్ ఏ320 చేసే పనిని అది చేయలేదు, చేయమని అడగటమూ న్యాయం కాదు.

వారం తర్వాత మామునూరు వెళ్లి పెద్దాయనకి ఈ మాటే, ఈతబావి పోలికతో సహా చెప్పాను. మొత్తం విన్నాడు. "అయితే అది రాంగనే మా భూమి మాకుంటదనుడు ఉత్తదే అన్నట్టు" అన్నాడు. అవునన్నాను. కాసేపు ఆగి, "మంచిగైంది సారూ, సాఫ్ జెప్పినవు. ఎయిర్‌పోర్టు అద్దంటలేం. ధర సక్కగ గట్టుమంటున్నం" అన్నాడు. అది విజ్ఞానశాస్త్రం తేల్చే విషయం కాదు. రన్‌వే అవసరమని నేను చెప్పిన మాట, ఆయన అడిగే ధర తగ్గించడానికి ఎవరికీ పనికి రాకూడదని మాత్రం గట్టిగా కోరుకుంటున్నాను.

వాగు అవతల

మరి ఇంత లెక్క తెలిసీ నేను ఈ పనిలో ఎందుకున్నాను? మా చిన్నమ్మ కొడుకు వల్ల.

ములుగు జిల్లాలో వాళ్ల ఊరు ఓ వాగు అవతల ఉంటుంది. కొన్నేళ్ల కిందట శ్రావణంలో, రాత్రి నేల మీద పడుకున్న తమ్ముడిని కట్లపాము కరిచింది. నొప్పి ఉండదు కాబట్టి గంటదాకా ఎవరికీ తెలియలేదు. కనురెప్పలు వాలిపోతుంటే దగ్గర్లో ఉన్న చిన్న ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టర్ ఉన్నాడు. నర్సు ఉంది. పాము విషానికి విరుగుడు మందు నాలుగు వయల్స్, అంటే చిన్న సీసాలు, ఉన్నాయి. మొదటి డోసుకే ఎనిమిది నుంచి పది కావాలి. మిగతావి వాగు ఇవతల, పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. వాగు రోడ్డు మీదుగా పారుతోంది.

ఆ రాత్రంతా ఆ నర్సు తమ్ముడి మూతికి మాస్క్ పెట్టి ఊపిరి అందించే అంబు బ్యాగ్ నొక్కుతూ కూర్చుంది. చెయ్యి లాగినప్పుడు మా చిన్నాన్నకి ఎలా నొక్కాలో చూపించి, పది నిమిషాలు ఆగి మళ్లీ తనే తీసుకునేది. చిన్నాన్న తర్వాత ఎన్నోసార్లు ఈ విషయం చెప్తూ, తన కుడిచేతి పిడికిలి మూస్తూ తెరుస్తూ ఆ వేగం చూపించేవాడు. తెల్లారాక నీళ్లు కొంచెం తగ్గితే ట్రాక్టర్ మీద మందు వచ్చింది. తమ్ముడు బతికాడు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి.

పది వయల్స్ బరువు కిలో కూడా ఉండదు. పదకొండు కిలోమీటర్లు మా ఏడు కిలోల యంత్రానికి పది నిమిషాల దూరం. ముప్పై ఏడు ఆంపియర్ల కష్టం లేచేటప్పుడు అర నిమిషం, దిగేటప్పుడు అర నిమిషం. మిగతా అంతా పదమూడే. నలుగురిని మోయడానికి పనికిరాని లెక్క కిలో మందు మోయడానికి చక్కగా సరిపోతుంది.

దీనికి ఇదే సమయం అని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. 1954లో అమెరికాలో కాన్వేర్ కంపెనీ పోగో అనే విమానం ఎగరేసింది. తోక మీద నిలబడి, ముక్కు ఆకాశం వైపు పెట్టి లేచేది. లేవడం సులువుగానే అయింది. దిగేటప్పుడు పైలట్ వెల్లకిలా పడుకున్నట్టు ఉండి, భుజం మీదుగా మెడ తిప్పి నేలని చూస్తూ దింపాలి. ఆరితేరిన పైలట్లకే చేతనయ్యే పని అని తేలి ఆ ప్రయత్నం ఆగిపోయింది. ఆనాడు మనిషి మెడ దగ్గర ఆగిన ఆ పనిని ఇప్పుడు గోరంత సెన్సర్, చిన్న సర్క్యూట్ బోర్డు చేసేస్తున్నాయి. అది కొనడానికి మా పిల్లలకి ఏ దేశం అనుమతీ అక్కర్లేదు.

నాకే ఉన్న సందేహాలు

వాన సంగతేంటి? ఇది నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచపల్లి మునిగింది, జనం ఇళ్ల కప్పులెక్కారు, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. కానీ 2024 సెప్టెంబరులో ఖమ్మంలో మున్నేరు వంతెన మీద తొమ్మిదిమంది చిక్కుకున్నప్పుడు వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేకపోయింది. చివరికి ఒక జేసీబీ డ్రైవర్ ప్రాణానికి తెగించి వాళ్లని తెచ్చాడు. అంత పెద్ద హెలికాప్టరే ఆగిపోయినచోట ఏడు కిలోల ఫోమ్ రెక్కలు ఏం చేస్తాయి? సెకనుకి 10 మీటర్ల ఎదురుగాలి ఉంటే మా పది నిమిషాలు సుమారు ఇరవై రెండు అవుతాయి. రెక్క ఉన్న యంత్రం నిలబడి దిగేటప్పుడు ఆ రెక్కే తెరచాపలా గాలికి దొరికి పక్కకి కొట్టుకుపోతుంది.

అందుకే పరిశోధన అంటే నా దృష్టిలో ఇదీ: వానలో, చీకట్లో, గాలిలో, ఆసుపత్రి వెనక ఉన్న పది అడుగుల జాగాలో దిగడం. 2021 సెప్టెంబరులో మన వికారాబాద్‌లోనే 'మెడిసిన్ ఫ్రమ్ ద స్కై' పేరుతో డ్రోన్లలో మందులూ టీకాలూ పంపి చూశారు. అది మంచి మొదలు. తేటగా ఉన్న రోజున పెట్టె ఎగురుతుందని తెలిసిపోయింది. ఇక తేలాల్సింది ఎడతెరిపి లేని వాన సంగతి.

ఆఫ్రికాలోని రువాండా మాట కూడా పిల్లలే తెచ్చారు. అక్కడ జిప్‌లైన్ అనే కంపెనీ 2016 నుంచి డ్రోన్లలో రక్తం సీసాలు పంపుతోంది. ఆ డ్రోన్ నిలువుగా లేవనే లేవదు. ఉండేలులోంచి రాయిలా విమానాన్ని విసిరి, ఊరి మీద ప్యారాచూట్‌తో పెట్టె వదిలి వెనక్కి వస్తుంది. "మరి మనకి ఈ నాలుగు మోటార్ల బరువు ఎందుకు సార్?" రెండు వారాలు వాదించుకున్నాం. చివరికి నన్ను ఒప్పించింది తిరుగు ప్రయాణం. పెట్టె జారవిడిచేది తిరిగి ఏమీ తీసుకురాలేదు. దిగగలిగేది రోగి రక్తం నమూనా, తెమడ నమూనా వెనక్కి తెస్తుంది. పైగా తాడ్వాయి టేకు చెట్ల మధ్య ప్యారాచూట్ ఏ కొమ్మకి వేలాడుతుందో ఎవరు చెప్పగలరు? అయినా ఈ విషయంలో నేను పూర్తిగా గెలిచానని అనుకోవడం లేదు. మైదానం ఉన్న ఊళ్లకి జిప్‌లైన్ పద్ధతే చవక.

ఇక మా చిన్నాన్న అడిగింది అన్నిటికన్నా బరువైనది. "గీ యంత్రం దెచ్చి, వంతెన కట్టుడు బంద్ వెడ్తరేమో బిడ్డా?" ఆయన భయం నిజమైనదే. వంతెనే ముందు. మందు పెట్టె ఎగిరి వస్తుంది కానీ నెలలు నిండిన ఆడమనిషి ఎగిరి పోలేదు. ఆ రాత్రి డాక్టరూ నర్సూ లేకపోయి ఉంటే పది వయల్స్ ఆకాశం నుంచి దిగినా తమ్ముడికి ఒరిగేది ఏమీ లేదు. కాకపోతే వంతెన ఉన్నచోట కూడా, 2023లో కొండాయి దగ్గర జంపన్నవాగు చూపించినట్టు, వాగు తలుచుకుంటే దాన్ని మిగల్చదు. ఏడాదిలో ఆ నాలుగైదు రాత్రుల కోసం ఈ యంత్రం. మిగతా రోజుల కోసం వంతెన.

మా పిల్లల్లో బాగా చేసేవాళ్లు చదువయ్యాక బెంగళూరులోనో చెన్నైలోనో ఎయిర్ ట్యాక్సీ కంపెనీలకి వెళ్లాలనుకుంటున్నారు. జీతం అక్కడుంది, వాళ్లని తప్పుపట్టను. కానీ పెద్ద డబ్బంతా నలుగురు ధనవంతుల్ని ట్రాఫిక్ దాటించే యంత్రం వైపు పోయి, కిలో మందుని వాగు దాటించే యంత్రం కాలేజీ ప్రాజెక్టుగానే మిగిలిపోతే నాకు చాలా బాధగా ఉంటుంది. రెండోదే ముందు అయ్యే పని. దానికి బ్యాటరీల్లో ఏ అద్భుతమూ జరగనక్కర్లేదు.

మూడో యంత్రం ఇప్పుడు వర్క్‌షాప్‌లో బల్లకి కట్టేసి ఉంది. పోయిన శనివారం పత్తి చేలో మందు కొట్టే పవర్ స్ప్రేయర్ తెచ్చి, నాలుగు మోటార్లూ తిరుగుతుండగా అరగంట నీళ్లు కొట్టాం. పంతొమ్మిదో నిమిషంలో ఎడమ వెనక మోటార్ ఆగిపోయింది. విప్పి చూస్తే కనెక్టర్‌లో చెంచాడు నీళ్లు. లాప్‌టాప్‌లో అంకెలు చదివిన అమ్మాయే దాన్ని ఆరబెట్టి, సిలికాన్ పట్టించి, వైరు కిందికి వంగి నీటిబొట్టు జారిపోయేలా దారి మార్చి కట్టింది. సోమవారం మళ్లీ కొడతాం, ఈసారి గంట సేపు.